గ్లాసులో తేలిన మడ్డి: విద్యుత్ప్రవాహము చేయు రెండు పనులు

బేతంచెర్ల నాపరాతి ఊరు. చుట్టుప్రక్కల గనులలో పొరలు పొరలుగా లేచు ఆ రాయి పలకలై, నునుపెక్కి, దూరప్రాంతముల ఇండ్లలో నేలబండలుగా పరచబడుచున్నది. భూవిజ్ఞానులు దానిని నార్జి సున్నపురాయి అందురు. కడప జిల్లాలోని నార్జి గ్రామమును బట్టి ఆ పేరు వచ్చినది. చూచుటకు ఎంత గట్టిగా ఉన్నను సున్నపురాయి వాననీటికి లోబడును. గాలిలోను మట్టిలోను ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొని భూమిలోనికి ఇంకిన నీరు, ఆ రాతిని మెల్లమెల్లగా కరగించి, కాల్షియము బైకార్బొనేటుగా తనలో ఇముడ్చుకొనును. ఊరికి సమీపమున ఉన్న బిల్లసర్గం గుహలు ఈ విధముగా ఏర్పడినవే. 1840 దశకములో న్యూబోల్డు, 1880 దశకములో రాబర్టు బ్రూస్ ఫుట్ ఆ గుహలలో ప్రాచీన జంతువుల ఎముకలకొరకు వెదకిరి. మనకిప్పుడు ఎముకలతో పనిలేదు. గుహ ఉన్నచోట ఒకప్పుడుండిన రాయి ఏమైనదను ప్రశ్న చాలును. అది నీటిలో కలిసిపోయినది. అందువలననే సున్నపురాతి సీమలో బావినీరు, బోరునీరు సాధారణముగా కఠినజలము. సబ్బు నురుగు సరిగా రాదు. నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టును.

గత వేసవిలో నేను బేతంచెర్లలో మా చిన్నమ్మగారి ఇంటికి పోయినపుడు, వంటయింటి గోడకు క్రొత్తగా ఒక నీటిశుద్ధి యంత్రము వ్రేలాడుచుండెను. వెల పదునాలుగు వేలు. ఇంటింటికి తిరుగు ఒక అమ్మకపు ప్రతినిధి ఆమెకు ముందుగా ఒక ప్రయోగము చూపి, తరువాత యంత్రమును అమ్మిపోయినాడట.

"కండ్లారా చూసినా నాయనా. మన నీళ్ల గ్లాసు రెండు నిమిషాల్లో మడ్డి మాదిరి అయిపోయింది. మిషను నీళ్లు అట్లే తేటగా ఉండె. ఇన్నేండ్లు ఆ మడ్డేనా మేము తాగింది? మీ చిన్నాయన కిడ్నీ జబ్బు దీంతోనే వచ్చింటుందా?" అని చిన్నమ్మ అడిగినది.

పదునాలుగు వేలు పోయినను సంపాదించుకొనవచ్చును. పోయిన మనిషికి తానే చేతులార మడ్డినీరు పోసితినను దిగులు అట్టిది కాదు. ఆ గ్లాసులో జరిగినదేమో చిన్నమ్మకు చూపుటకై నేను రెండు దినములు అక్కడనే ఉండిపోయితిని. ప్రక్కయింటి ఉన్నత పాఠశాల విద్యార్థులు ఇద్దరు తోడైరి. మేము చేసిన ప్రయోగమును ఏ పాఠశాలలోనైనను చేయవచ్చును గనుక దానిని వివరముగా వ్రాయుచున్నాను.

ఆ ప్రతినిధి పరికరమును నేను చూడలేదు. కాని అటువంటివి వేరుచోట్ల చూచియున్నాను. ఒక ప్లాస్టిక్ పెట్టె, దానిక్రింద ఇనుపకడ్డీలు, అల్యూమినియము కడ్డీలు ఉండును. ఒక జత కడ్డీలు బోరునీటి గ్లాసులోను, ఇంకొక జత యంత్రపు నీటి గ్లాసులోను మునుగును. ఇంటి కరెంటును ఏకదిశా ప్రవాహముగా మార్చి కడ్డీలకు అందింతురు. బోరునీరు మొదట పచ్చనై, పిమ్మట గోధుమరంగునకు తిరిగి, మడ్డి తేలును. యంత్రపు నీరు మారదు. "ఇది మీ నీటిలోని విషము" అని చెప్పుదురు. చూచినవారికి సందేహము కలుగుటకు తావేలేదు. కంటికి కనబడుచున్నది గదా!

ఈ ప్రశ్న విజ్ఞానశాస్త్రమునకు క్రొత్తది కాదు. 1800లో వోల్టా తన విద్యుద్రాశిని గూర్చి ప్రకటించిన సంవత్సరముననే లండనులో నికల్సన్, కార్లైల్ అను ఇరువురు ఆ రాశినుండి వచ్చిన తీగలను నీటిలో ముంచిరి. ఇత్తడి తీగలు వాడినపుడు ఒక తీగవద్ద హైడ్రోజను బుడగలు వచ్చినవి. రెండవ తీగవద్ద వాయువు రాలేదు గాని ఆ తీగయే రంగుమారి చెడిపోయినది. వారు ప్లాటినము తీగలు పెట్టిచూచిరి. అప్పుడు రెండింటివద్దను వాయువులు వచ్చినవి: ఒకదానివద్ద హైడ్రోజను, రెండవదానివద్ద ఆక్సిజను. నీరు అదియే, ప్రవాహము అదియే. తీగ మారగా ఫలితము మారినది.

ఆ తరువాత కొందరు స్వచ్ఛమైన నీటిలో విద్యుత్తును పంపినను ఒక ధ్రువమువద్ద ఆమ్లము, రెండవదానివద్ద క్షారము పుట్టుచున్నవని గమనించి, విద్యుత్తే వాటిని సృష్టించుచున్నదేమో అని తలపోసిరి. ఇంగ్లండులో హంఫ్రీ డేవీ దీనిని నమ్మలేదు. గాజుపాత్రకు బదులు అగేటు రాతి గిన్నెలు, వాటికి బదులు బంగారు గిన్నెలు వాడెను; నీటిని మరింత జాగ్రత్తగా బట్టీపట్టెను; చుట్టునున్న గాలిని సైతము తొలగించి చూచెను. ఒక్కొక్క జాగ్రత్తకు ఆమ్లక్షారములు తగ్గుచు వచ్చినవి. అవి పాత్రనుండి, నీటిలోని కల్మషమునుండి, గాలినుండి వచ్చినవేగాని విద్యుత్తు సృష్టించినవి కావని 1806లో రాయల్ సొసైటీ యెదుట ఉపన్యసించెను. బయటపడిన వస్తువు ఎక్కడనుండి వచ్చినదని అడుగుట, అనుమానమున్న ప్రతిదానిని ఒక్కొక్కటిగా మార్చి చూచుట, ఇవియే ఆయన పద్ధతి. చిన్నమ్మ వంటయింటిలో మాకు కావలసినదియు అదియే. అయితే మాకు బంగారు గిన్నెలు అక్కరలేకపోయెను. రెండు పెన్సిళ్లు చాలినవి.

ద్రవములో విద్యుత్తు ఎట్లు పోవునో ముందుగా చూతము. రాగితీగలో కదలునవి ఎలక్ట్రానులు. నీటిలో ఎలక్ట్రానులు స్వేచ్ఛగా తిరుగవు. అక్కడ భారము మోయునవి లవణములు కరగినపుడు విడివడిన అయానులు. కాల్షియము, మెగ్నీషియము, సోడియము అయానులు ధనావేశము కలవై ఋణధ్రువమువైపునకు, బైకార్బొనేటు, క్లోరైడు మున్నగునవి ఋణావేశము కలవై ధనధ్రువమువైపునకు పోవును. ధ్రువమును తాకినచోట ఎలక్ట్రానుల ఇచ్చిపుచ్చుకొనుట జరుగవలెను. అక్కడనే రసాయనిక మార్పు పుట్టును. ఋణధ్రువమువద్ద నీరు ఎలక్ట్రానులను గ్రహించి హైడ్రోజను వాయువును, హైడ్రాక్సిలు అయానులను ఇచ్చును. ధనధ్రువమువద్ద ఎలక్ట్రానులను ఎవరో ఒకరు విడువవలెను. ధ్రువము ప్లాటినము గాని బొగ్గు గాని అయినచో నీరే వాటిని విడిచి ఆక్సిజను నిచ్చును. ధ్రువము ఇనుమైనచో, నీటికంటె ఇనుమునకే ఎలక్ట్రానులను విడుచుట సులభము. ఒక్కొక్క ఇనుప పరమాణువు రెండేసి ఎలక్ట్రానులను విడిచి, తాను అయానై నీటిలోనికి దిగును. అది హైడ్రాక్సిలు అయానులతో కలిసి పచ్చని ఫెర్రస్ హైడ్రాక్సైడగును. నీటిలో కరగియున్న ఆక్సిజను తగిలి గోధుమరంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడుగా మారును. వానకు తడిసిన ఇనుపరేకుపై కనబడు త్రుప్పుకు ఇది దగ్గర చుట్టము.

ఇంతవరకు చెప్పినది వాదము. పదవతరగతి పిల్లవాడు ఒకడు వెంటనే అడ్డుతగిలినాడు: "అయితే మిషను నీళ్లలో కూడా ఇనుపకడ్డీనే కదా సార్ పెట్టింది. అది ఎందుకు కరగలేదు?" చాలా మంచి ప్రశ్న. దానికి సమాధానము, ఆ గ్లాసులో ప్రవాహమే లేదని. కాని లేదని ఎట్లు తెలియును? విద్యుత్ప్రవాహము కంటికి కనబడదు. దానికొక సాక్షి కావలెను. ఆ సాక్షియే రెండవ ఫలితము, అయస్కాంత ఫలితము.

1820లో కోపెన్హాగెన్ ఆచార్యుడు అయిర్‌స్టెడ్, ప్రవాహమున్న తీగ ప్రక్కన దిక్సూచి ముల్లు తిరుగుచున్నదని ప్రకటించెను. తీగచుట్టును అయస్కాంత క్షేత్రము ఏర్పడుచున్నదన్నమాట. తీగను చుట్టలుగా చుట్టినచో ప్రతి చుట్ట యొక్క క్షేత్రము మిగిలినవాటితో కూడి బలపడును. గనినుండి వచ్చిన నాపబండను కోయు రంపమును, నునుపుచేయు యంత్రమును త్రిప్పు మోటారులలోను, బోరులో దిగి నీటిని పైకెత్తు మోటారులోను ఉన్నవి ఈ తీగచుట్టలే. మేము మోటారు రీవైండింగు దుకాణమునుండి పూతపూసిన సన్నని రాగితీగ కొంత తెచ్చితిమి. ఆరు సెంటీమీటర్ల వ్యాసముగల ప్లాస్టిక్ పైపు ముక్కపై దానిని ఏబది చుట్లు చుట్టితిమి. తీగ రెండు కొనలను బ్లేడుతో గీకి పూత తీసివేయవలెను. విద్యార్థులు తరచు మరచునది ఇదియే, అప్పుడు ప్రయోగము పనిచేయలేదని అందురు. పైపు నడుమ చిన్న దిక్సూచిని సమముగా నిలిపి, చుట్ట యొక్క తలము ముల్లుతో పాటు ఉత్తరదక్షిణములుగా ఉండునట్లు సర్దితిమి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ యొక్క ధనాగ్రమునుండి తీగచుట్టకు, అక్కడనుండి గ్లాసులోని ఒక మేకుకు, రెండవ మేకునుండి బ్యాటరీ ఋణాగ్రమునకు తీగలు కలిపితిమి. మేకులు, బ్యాటరీ దిక్సూచికి అరమీటరు దూరముననైన ఉండవలెను. బ్యాటరీ పైరేకు ఇనుముతో చేసినదైనచో అదియు ముల్లును లాగును.

ఇంటి గోడలోని కరెంటుతో ఈ ప్రయోగమును ఎవరును చేయరాదు. తడిచేతులు, నీరు, 230 వోల్టులు కలిసినచోట ప్రాణాపాయము తప్పదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ చాలును.

మొదటి గ్లాసులో బోరునీరు, రెండు ఇనుపమేకులు. మేకులను దగ్గరకు దూరమునకు జరుపుచు ముల్లు 28 డిగ్రీలు తిరుగునట్లు చేసి ఇరువది నిమిషములు వదలితిమి. నీరు పచ్చబారి, గోధుమరంగుకు తిరిగి, మడ్డి తేలినది. చిన్నమ్మ "ఇదే నాయనా, ఇట్లే అయ్యింది" అన్నది.

రెండవ గ్లాసులో అదే బోరునీరు. మేకులకు బదులు, రెండు కొనలు చెక్కిన పెన్సిళ్లు రెండు. పెన్సిలు ములుకు గ్రాఫైటు, అనగా బొగ్గు. ముల్లు మరల 28 డిగ్రీలు చూపువరకు ములుకులను దగ్గరకు జరిపితిమి. అదే నీరు, అదే ప్రవాహము, అదే ఇరువది నిమిషములు. బుడగలు వచ్చినవి, నాలుగు నల్లని నలుసులు రాలినవి. నీటికి గోధుమరంగు రాలేదు. మడ్డి నీటిలోనిదే అయినచో ఇక్కడను తేలవలసియుండెను.

మూడవ గ్లాసులో యంత్రపు నీరు, ఇనుపమేకులు, మొదటి గ్లాసులో ఉన్నంత దూరములోనే. ముల్లు కదలీ కదలనట్లు ఒకటి రెండు డిగ్రీలు జరిగి నిలిచినది. ఇరువది నిమిషములకును రంగులేదు. రంగు రాకుండుటకు కారణమును ముల్లు ముందే చెప్పినది: అయానులు తక్కువ, ప్రవాహము లేనట్లే, ఇనుము కరగలేదు.

నాలుగవ గ్లాసులో కూడ యంత్రపు నీరే. దానిలో చిటికెడు వంట ఉప్పును కొంచెము కొంచెముగా కలుపుచు పోగా ముల్లు మరల 28 డిగ్రీలకు ఎక్కినది. ఇరువది నిమిషములలో ఆ నీరును మడ్డియైనది. చిన్నమ్మ వంగి చూచి, "మిషను నీళ్లు కూడా మడ్డాయెనే! ఉప్పులో మడ్డి ఉంటుందా ఏంది?" అని నవ్వినది. నేను విప్పి చెప్పవలసిన అవసరము అంతగా లేకపోయెను.

ఇప్పుడు లెక్క. చుట్ట నడుమ ఏర్పడు క్షేత్రము చుట్ల సంఖ్యను బట్టి, ప్రవాహమును బట్టి హెచ్చును; చుట్ట వ్యాసార్ధమును బట్టి తగ్గును. ఏబది చుట్లు, మూడు సెంటీమీటర్ల వ్యాసార్ధము ఉన్నపుడు 20 మిల్లీ ఆంపియర్ల ప్రవాహము సుమారు 21 మైక్రోటెస్లాల క్షేత్రమునిచ్చును. మన ప్రాంతమున భూమి యొక్క క్షితిజ సమాంతర క్షేత్రము సుమారు 40 మైక్రోటెస్లాలు. ముల్లు ఈ రెండింటి నడుమ నిలుచును; అది తిరిగిన కోణము యొక్క టాంజెంటు ఈ రెండు క్షేత్రముల నిష్పత్తికి సమానము. 21ని 40చే భాగించిన 0.52, ఆ టాంజెంటు గల కోణము దాదాపు 28 డిగ్రీలు. మేము 28 డిగ్రీలనే ఎందుకు ఎంచుకొంటిమో ఇప్పుడు తెలిసియుండును. కళాశాలలలో టాంజెంటు గాల్వనామీటరు అని పెద్ద ఇత్తడి పరికరముగా కనబడునది, మా పైపుముక్క ఒకటే.

20 మిల్లీ ఆంపియర్లు ఇరువది నిమిషములు ప్రవహించిన 24 కూలూంబులు. ధ్రువమువద్ద కరగిన లేక పేరుకొనిన పదార్థము ప్రవహించిన విద్యుత్తుకు అనుపాతములో ఉండునని ఫారడే 1833, 1834 సంవత్సరములలో చూపెను. 96,500 కూలూంబులు ఒక గ్రాము తుల్యాంకభారమును కరగించును. ఇనుమునకు అది 27.9 గ్రాములు. కాబట్టి 24 కూలూంబులు కరగించు ఇనుము 7 మిల్లీగ్రాములు. మా గ్లాసు 200 మిల్లీలీటర్లది. లీటరుకు 35 మిల్లీగ్రాములన్నమాట. లీటరుకు 0.3 మిల్లీగ్రాము దాటినచో ఇనుము రుచికి తెలియును, ఉతికిన గుడ్డలకు మరక పట్టును. మేకునుండి దిగిన ఇనుము దానికి నూరురెట్లకు మించినది. అంత ఇనుము నిజముగా బోరునీటిలో ఉండినచో, ఏ పరికరమును లేకనే బిందె అడుగు ఎఱ్ఱబడి, చిన్నమ్మకు ఎన్నడో తెలిసియుండెడిది. ప్రతినిధి పరికరములో 0.2 ఆంపియరు ప్రవహించినదనుకొన్నచో రెండు నిమిషములకే ఇదే 24 కూలూంబులగును. ఇరువది నిమిషముల పనిని రెండు నిమిషములలో చేయుటకే ఆ ఇంటి కరెంటు.

ఈ లెక్కను తూచి పరీక్షింపవచ్చును. ధనధ్రువపు మేకును ముందుగా ఉప్పుకాగితముతో రుద్ది, ఆరబెట్టి తూచి, అయిదు గంటలు 20 మిల్లీ ఆంపియర్లు పంపినచో 104 మిల్లీగ్రాములు తగ్గవలెను. పాఠశాల త్రాసు దీనిని పట్టగలదు. నడుమ ప్రవాహము తగ్గుచుండును గనుక అరగంటకొకసారి ముల్లును చూచి సగటు తీయవలెను. కొంచెము తేడా వచ్చినను చింతింపనక్కరలేదు; త్రుప్పు అంటుకొనియుండుట, మేకు దానంతట అదియే కొంత త్రుప్పుపట్టుట దీనికి కారణములు. ఋణధ్రువపు మేకు మాత్రము తగ్గదు.

తగ్గకపోగా దానిపై ఒక తెల్లని పూత ఏర్పడును. మా మొదటి గ్లాసులో ఇది కనబడినపుడు ఎవరును దానిని పట్టించుకొనలేదు. అందరి చూపు మడ్డిమీదనే. ఋణధ్రువమువద్ద హైడ్రాక్సిలు అయానులు పుట్టునని చెప్పితిని. అవి బైకార్బొనేటును కార్బొనేటుగా మార్చును; కార్బొనేటు కాల్షియముతో కలిసి నీటిలో కరగని పూతయై మేకును అంటుకొనును. ఆ పూతపై నిమ్మరసము పిండగా బుసబుస పొంగినది. నీటిలోనుండి నిజముగా బయటపడిన పదార్థము ఆ గ్లాసులో ఇది ఒక్కటే, అదియు సున్నపురాయి. చిన్నమ్మ మేకును వెలుతురుకు పెట్టి చూచి, "ఇది మన నాపరాయే గదా" అన్నది. గనులలో పనిచేసినవారి ఇంటి మనిషి; ఆమెకు చెప్పవలసినదేమి?

రసాయన ఫలితమును అయస్కాంత ఫలితము కొలుచుట మా గ్లాసుతో మొదలైనది కాదు. ఆంపియరు అను ప్రమాణము చరిత్రయే ఈ రెండింటి నడుమ తిరిగినది. 1893లో షికాగోలో సమావేశమైన అంతర్జాతీయ విద్యుత్ కాంగ్రెసు, వెండి లవణ ద్రావణమునుండి సెకనుకు 0.001118 గ్రాము వెండిని పేర్చు ప్రవాహమును ఆంపియరుగా ఎంచెను. 1948లో ఆ పద్ధతి పోయి, ఒక మీటరు ఎడముగా ఉన్న రెండు తీగల నడుమ అయస్కాంత బలమును బట్టి నిర్వచించిరి. 2019 మే 20 నుండి ఎలక్ట్రాను ఆవేశము విలువను స్థిరపరచి, దానినుండి ఆంపియరును రాబట్టుచున్నారు.

విద్యుద్విశ్లేషణము నీటికి నిజముగా మేలు చేయు చోటు ఒకటి మన సీమలోనే కలదు. కర్నూలు సమీపమున గొందిపర్లలో, పూర్వము శ్రీ రాయలసీమ ఆల్కలీస్ అను పేరుగల కర్మాగారమున గాఢమైన ఉప్పునీటిలో విద్యుత్తును పంపి కాస్టిక్ సోడాను, క్లోరినును, హైడ్రోజనును తీయుదురు. నీటిలోని సూక్ష్మజీవులను చంపుటకు పట్టణముల నీటి సరఫరాలలో వాడు క్లోరిను ఇట్టి ప్రక్రియలవలననే లభించుచున్నది.

చిన్నమ్మ కొన్న యంత్రము మోసమని నేను చెప్పను. అది లవణములను తగ్గించును. ముల్లు కదలకపోవుటయే దానికి సాక్ష్యము. మోసము ఉన్నది ఆ ప్రదర్శనములో. టి.డి.ఎస్. కొలుచు కలమువంటి పరికరమును కూడ ఇట్లే అర్థము చేసికొనవలెను. అది కొలుచునది నీటి విద్యుద్వాహకతను మాత్రమే. అంకె పెద్దదైన లవణములు ఎక్కువ. ఏ లవణములో అది చెప్పదు. సున్నపురాతినుండి వచ్చిన కాల్షియమును, ప్రమాదకరమైన ఫ్లోరైడును అది వేరుచేయలేదు. సూక్ష్మజీవులు దానికి కనబడనే కనబడవు. 1937లో ఆనాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిన ఫ్లోరోసిస్ వ్యాధికి కారణమైన నీరు చూపునకు తేటగానే ఉండెడిది. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. దానిని తెలిసికొనుటకు రసాయన పరీక్ష తప్ప మార్గము లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలలో అట్టి పరీక్షలు చేయుదురు. చిన్నాయన జబ్బును గూర్చి ఆ మడ్డి చెప్పగలిగినది ఏమియు లేదని చిన్నమ్మకు చెప్పితిని. మేకు కరగినదని మాత్రమే అది చెప్పినది. బోరునీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టి పరీక్షకు పంపుటకు ఆమె ఒప్పుకొన్నది.

ఉపాధ్యాయులకు ఒక మాట. ప్రయోగమైన పిమ్మట ఆ గ్లాసులలోని నీటిని ఎవరును త్రాగకుండ పారబోయించవలెను. ఉప్పునీటిలో పెన్సిలు ములుకులు వాడినచో క్లోరిను వాసన రావచ్చును గనుక, నాలుగవ గ్లాసుకు మేకులనే వాడుడు. సమయమున్నచో విద్యార్థులకు అయిదవ గ్లాసును అప్పగింపుడు: బోరునీరు, ధనధ్రువముగా మందపాటి రాగితీగ, 28 డిగ్రీలు, ఇరువది నిమిషములు. ఏ రంగు వచ్చునో ముందుగా ఊహించి వ్రాయవలెను. రాగి తుల్యాంకభారము 31.75, ఎన్ని మిల్లీగ్రాములు కరగునో లెక్కకట్టి, ఆ తరువాతనే బ్యాటరీని కలుపవలెను.